పదును ఎంత దిగింది?

మండలాఫీసు రెయిన్‌గేజ్ మీద నాకున్న పాత కక్ష ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే. అదెన్ని మిల్లీమీటర్లు చూపినా మా అనంతపురం రైతు నమ్మడు. చేన్లోకి పోయి పారతో ఎర్రమట్టి తవ్వుతాడు, తడి ఎంతవరకు దిగిందో వేళ్లు పెట్టి చూస్తాడు. జానెడు పదునుంటే శెనక్కాయకు గొర్రు కడతాడు. లేదంటే విత్తనం మూటలోనే ఉంటుంది.

ఈ వారం ఆ కక్ష మళ్లీ లేచింది. బిడ్డకు చెన్నైలో క్యాన్సర్‌కని ప్రోటాన్ కిరణాల చికిత్స చేయించుకొచ్చిన బంధువొకాయన, "అన్నా, గది బయట కంప్యూటర్లో అంకెలు తిరగతాంటాయి. చూస్తే మనకేం తెలుస్తాది?" అన్నాడు.

నిజమే, కిరణం ఒంట్లో ఎంత లోతుకు దిగిందో ఆ అంకెలు చెప్పవు. కిరణం ఒంటిని తాకకముందే అయనీకరణ గది అనే పల్చటి అర గుండా పోతుంది. ప్రోటాన్లు అందులో పుట్టించే విద్యుదావేశాన్ని యంత్రం మానిటర్ యూనిట్లుగా లెక్కపెడుతుంది. అనుకున్న లెక్క రాగానే కిరణం ఆగుతుంది. మొదటిది మొరాయిస్తే ఆపడానికి పక్కనే రెండో గది. అంటే తెలిసేది ఎంత కురిసిందనే, ఎంత దిగిందని కాదు.

ప్రోటాన్ గొప్పంతా దిగడంలోనే ఉంది. దారిలో కొద్దికొద్దిగా శక్తి వదిలి, ఆగేచోట కుమ్మరిస్తుంది. ఆల్ఫా కణాల్లో ఈ గుణాన్ని బ్రాగ్ 1904లో చూపాడు. దాన్ని వైద్యానికి వాడొచ్చని 1946లో రాబర్ట్ విల్సన్ రాశాడు. ఆగే చోటును సీటీ స్కాన్ నుంచి లెక్కగడతారు. 15 సెంటీమీటర్ల లోతులో అర సెంటీమీటరు దాకా తేడా రావచ్చని ముందే అంచు వదులుతారు. జలుబు చేసి ముక్కు పక్కన గాలి అరలు నిండినా ఆ లోతు మారుతుంది.

ఇక్కడిదాకా వచ్చి యంత్రాన్ని ఎగతాళి చేద్దామనుకున్నా. కానీ ఒంటిని పారతో తవ్వి చూడలేం కదా. అందుకే భౌతికశాస్త్రజ్ఞులు రోజూ పొద్దున, మొదటి రోగి రాకముందే, కిరణాన్ని పరికరాల మీద వేసి డోసూ లోతూ సరిచూస్తారు. తవ్వకం ముందే అయిపోయింది కాబట్టే ఆ అంకెకు విలువ. దానిమీద నాకే కక్షా లేదు.

దక్షిణాసియాలో మొదటి ప్రోటాన్ కేంద్రం 2019లో చెన్నైలోనే తెరిచారు. అలాంటి చోటికి వెళ్లేవాళ్లకు నా మాట ఒకటే: తెర చూస్తూ కూర్చోకండి. బిడ్డ బరువు తగ్గినా, జలుబు చేసినా ఆ రోజే చెప్పి, మళ్లీ సీటీ తీయాలేమో అడగండి.