జె.ఎస్.పి. పద్ధతి: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

గత విభాగంలో జె.ఎస్.పి. పేజీ రాయడం నేర్చుకున్నారు. ఇప్పుడు ఆ పద్ధతి గుణదోషాలను పరిశీలిద్దాం. ఊరి పేరు ఇస్తే అది ఏ జిల్లాలో ఉందో చూపే చిన్న పేజీని ఉదాహరణగా తీసుకుందాం. అందులో తెనాలి, బాపట్ల, రేపల్లె ఉన్నాయనుకోండి.

2022 ఏప్రిల్ 4కు ముందు ఈ మూడూ గుంటూరు జిల్లాలోనివే. ఆ రోజున బాపట్ల జిల్లా ఏర్పడింది. బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలోకి వెళ్లాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. మరి మన ప్రోగ్రాంలో ఎన్నిచోట్ల దిద్దాలి? జె.ఎస్.పి.ని ఈ ప్రశ్నతోనే తూచి చూద్దాం.

2. జె.ఎస్.పి. తీర్చిన ఇబ్బంది

సర్వ్‌లెట్‌లో ప్రతి హెచ్.టి.ఎం.ఎల్. వరుసనూ జావా కోడ్ లోపల కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి. శీర్షిక రంగు మార్చాలన్నా ఫైలును తిరిగి కంపైల్ చేయాలి. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన జె.ఎస్.పి. 1.0 దీన్ని తిరగేసింది. పేజీ అంతా హెచ్.టి.ఎం.ఎల్.లోనే ఉంటుంది, కావలసిన చోట <% %> గుర్తుల మధ్య జావా రాస్తాం. మొదటి అభ్యర్థన రాగానే టామ్‌క్యాట్ వంటి సర్వర్ ఆ పేజీని సర్వ్‌లెట్‌గా మార్చి కంపైల్ చేస్తుంది. మొదటిసారి పేజీ కాస్త ఆలస్యంగా తెరుచుకోవడానికి కారణం ఇదే. ఈ మేలును తక్కువ చేయలేం.

3. సౌలభ్యం వెంట వచ్చిన చిక్కులు

(అ) స్క్రిప్ట్‌లెట్‌లో ఏ జావా కోడ్ అయినా రాయవచ్చు. "ఊరు రేపల్లె అయితే గుంటూరు జిల్లా అని చూపు" అనే షరతును వెతికే పేజీలో రాస్తాం. దాన్నే దరఖాస్తు పేజీలోకీ, రసీదు పేజీలోకీ కాపీ చేస్తాం. జిల్లా మారిన రోజు రెండుచోట్ల దిద్ది మూడోది మరిచిపోతాం. ప్రోగ్రాం ఏ దోషాన్నీ చూపదు, చక్కగా నడుస్తుంది. తప్పు రసీదు పట్టుకొని తిరగవలసింది మాత్రం రేపల్లె దరఖాస్తుదారు.

(ఆ) <%! %> మధ్య ప్రకటించిన చలరాశి ఒక్కొక్కరికీ వేరుగా ఉండదు. ఒకే సర్వ్‌లెట్ ఆబ్జెక్టు అందరి అభ్యర్థనలకూ జవాబిస్తుంది కాబట్టి అది ఉమ్మడిది. ఊరి పేరును అందులో దాస్తే, తెనాలిలో ఒకరు టైపు చేసింది బాపట్లలో మరొకరికి కనిపించవచ్చు. మీరొక్కరే కూర్చొని పరీక్షిస్తే ఈ లోపం బయటపడదు.

(ఇ) <%= %> తనకు ఇచ్చినదాన్ని ఉన్నది ఉన్నట్టు ముద్రిస్తుంది. ఊరి పేరు పెట్టెలో ఎవరైనా స్క్రిప్టు రాస్తే, అది బ్రౌజర్‌లో నడిచే ప్రమాదం ఉంది.

(ఈ) ఎన్‌కోడింగ్ పేర్కొనకపోతే జె.ఎస్.పి. ఐ.ఎస్.ఓ.-8859-1ను తీసుకుంటుంది. అందులో తెలుగు అక్షరాలు లేవు. డేటాబేస్ నుంచి వచ్చిన "తెనాలి"లో ఆరు యూనికోడ్ సంకేతాలుంటాయి, తెరపై ఆరు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. పేజీ మొదట్లోనే యు.టి.ఎఫ్.-8 అని ప్రకటించాలి. ఫారం ద్వారా పంపిన వివరాలను చదవడానికి ముందు కూడా అదే చెప్పాలి.

4. దిద్దుబాటు, దాని పరిమితి

ఈ చిక్కుల్లో కొన్నింటికి విరుగుడు త్వరలోనే వచ్చింది. 2002లో జె.ఎస్.టి.ఎల్. ట్యాగులు, 2003లో జె.ఎస్.పి. 2.0తోపాటు ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్ వచ్చాయి. ఆ 2.0లోనే స్క్రిప్ట్‌లెట్లను పూర్తిగా నిషేధించే అమరికను కూడా చేర్చారు. తానిచ్చిన స్వేచ్ఛ మితిమీరిందని ఆ పద్ధతే ఒప్పుకున్నట్టు దీన్ని మనం చదవవచ్చు.

ఇప్పుడు పని మూడుగా విడిపోతుంది. అభ్యర్థనను సర్వ్‌లెట్ అందుకుంటుంది, డేటాను జావా క్లాసు తెస్తుంది, జె.ఎస్.పి. కేవలం చూపుతుంది. రేపల్లె జిల్లా డేటాబేస్‌లో ఒకే వరుసలో ఉంటుంది. అక్కడ దిద్దితే అన్ని పేజీలూ మారతాయి.

అయితే ఈ విభజన అన్నిటికీ మందు కాదు. 2021లో ఇచ్చిన రసీదులో గుంటూరు జిల్లా అనే ఉండాలి, అది ఆనాటి నిజం. వరుసను దిద్దగానే పాత రసీదు కూడా మారిపోతే అది కొత్త తప్పు. ఏది మారాలో, ఏది మారకూడదో నిర్ణయించవలసింది ప్రోగ్రామరే. పైగా ఒక ఫైలుతో అయ్యే పనికి మూడు ఫైళ్లు కావాలి. నేర్చుకునేవారికి మొదట్లో ఇది భారమే.

5. ముగింపు

జె.ఎస్.పి. తప్పు చేయమని ఎవరినీ బలవంతం చేయదు, కానీ తప్పుదారిని అన్నిటికన్నా సులువుగా ఉంచింది. దాని ప్రధాన లోపం అదే. స్క్రిప్ట్‌లెట్‌ను చదివి అర్థం చేసుకోవడానికి నేర్చుకోండి, పాత ప్రోగ్రాంలలో అది మీకు ఎదురవుతుంది. కొత్త పేజీలో మాత్రం రాయకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మీరు రాసిన అభ్యాస పేజీల్లో జిల్లా పేరు ఎన్నిచోట్ల ఉంది? దాన్ని ఒకేచోటికి ఎలా తెస్తారు?
2. 2022కు ముందు ఇచ్చిన రసీదులు మారకుండా ఉండాలంటే డేటాబేస్‌లో ఏమి భద్రపరచాలి?