మైలుతుత్తం చెప్పే పాఠం

సత్తెనపల్లిలో పురుగుమందుల కొట్టుకెళ్తే మైలుతుత్తం దొరుకుతుంది. రైతులు సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం చేసి తెగుళ్లకు కొడతారు. నేను ఇంటర్ పిల్లలకు లోహ నిష్కర్షణ చెప్పేది దాంతోనే.

గాజుగ్లాసులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీలి ద్రావణం, పాత టార్చి సెల్లుల్లోంచి తీసిన రెండు కార్బన్ కడ్డీలు, ఒక బ్యాటరీ. కాసేపటికి మైనస్ కడ్డీ మీద ఎర్రటి రాగి పొర పేరుతుంది, ప్లస్ కడ్డీ దగ్గర ఆక్సిజన్ బుడగలు లేస్తాయి. రాగి పోతున్న కొద్దీ నీలం పలచబడుతుంది, ద్రావణంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం పెరుగుతుంది. ఇది నిష్కర్షణ. ఇప్పుడు ప్లస్ వైపు కార్బన్ తీసేసి రాగి తీగ పెట్టండి. ఇక నీలం తగ్గదు. మైనస్ వైపు ఎంత పేరితే ప్లస్ వైపు అంత కరుగుతుంది. ఇది శుద్ధి. పిల్లలు రెంటినీ కలిపేసి రాసేది ఈ కడ్డీ మార్చడం చూడకే.

తొందర పనికిరాదు. అర ఆంపియర్ గంటసేపు పంపితే వచ్చేది 0.6 గ్రాముల లోపు రాగి, ఫారడే లెక్క అంతే. కరెంటు మరీ పెంచితే నల్లటి పొడి కడుతుంది, వేలు తగిలితే రాలిపోతుంది.

విశాఖలో 1977లో మొదలైన హిందుస్థాన్ జింక్ స్మెల్టర్‌ది ఈ గ్లాసులోని నిష్కర్షణ పద్ధతే. జింక్ సల్ఫేట్ ద్రావణంలో సీసం ఆనోడ్లు, అల్యూమినియం కాథోడ్లు వేలాడదీసి, పేరిన జింకును రేకులుగా ఒలిచేవారు. ఆనోడ్ దగ్గర పుట్టిన ఆమ్లం వెనక్కెళ్లి, కాల్చిన ఖనిజాన్ని కరిగించేది. నిజానికి పుస్తకంలోని విభవాల పట్టిక ప్రకారం నీళ్లలోంచి ముందు హైడ్రోజన్ రావాలి. కానీ జింకు మీద హైడ్రోజన్ తేలిగ్గా విడుదల కాదు. ఆ చిన్న వెసులుబాటు మీదే ఈ జింకు పరిశ్రమంతా నడుస్తోంది! కొన్ని మలినాలు ద్రావణంలో రవ్వంత మిగిలినా ఆ వెసులుబాటు పోతుంది. అందుకే ముందే జింకు పొడి వేసి రాగి, కాడ్మియంలను దింపేస్తారు. ఆ స్మెల్టర్ 2012లో ఆగిపోయింది.

మన వినుకొండ వైపు అగ్నిగుండాలలో రాగి, సీసం ఖనిజాలున్నాయి. బండ్లమోట్టులో సీసం గని నడిచింది. మన పల్నాడు పిల్లలే ఈ పాఠాన్ని బట్టీపట్టడం నాకు బాధగా ఉంటుంది.

కెమిస్ట్రీ మాస్టార్లూ, ఈ ఏడాది ఒక్క పీరియడ్ దీనికివ్వండి. గాలి ఆడే గదిలో చేయండి, పిల్లలతో చేతులు కడిగించండి. ఆ గ్లాసును మాత్రం మళ్లీ మంచినీళ్లకు వాడకండి. మైలుతుత్తం విషం.