నా బాణమే అన్న కిరాతుడు

అడవిపందిని ఏ ఆయుధంతో కొట్టాలి? ఇది వేటగాళ్ళు మాత్రమే వేసుకునే ప్రశ్న అనుకుంటాం. కానీ మన పాత కథలు ఈ ప్రశ్న వేశాయి, జవాబు కూడా చెప్పాయి. భారతంలోని కిరాతార్జున కథలోనూ, కాళహస్తి తిన్నడి కథలోనూ మలుపు పంది వేట దగ్గరే ఉంది. రెండింటిలోనూ అడవి మనిషి ఉన్నాడు. అయినా బడిలో ఈ కథలు చెప్పేటప్పుడు పందిని గబగబా దాటేసి, ఒకదానిలో వరం దగ్గరికి, ఇంకోదానిలో భక్తి దగ్గరికి పోతాం. పంది దగ్గరే కాసేపు నిలబడి చదివితే ఏం కనిపిస్తుందో చూద్దాం. మా కురబలకోట, మదనపల్లె వైపు చెనక్కాయ చేలల్లో పంది కోసం రాత్రిపూట ఏం పెడుతున్నారో తెలిసినవాళ్ళకు ఈ చదువు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

ముందు కిరాతుడి కథ. ఇది అరణ్యపర్వంలో నన్నయ తెలుగు చేసిన భాగంలో ఉంది. శ్రీనాథుడు హరవిలాసంలో మళ్ళీ చెప్పాడు. సంస్కృతంలో భారవి దీని మీదే కావ్యం కట్టాడు. అర్జునుడు తపస్సు చేస్తుండగా మూకుడనే రాక్షసుడు పంది రూపంలో మీదికొస్తాడు. శివుడు కిరాతుడి వేషంలో, అంటే అడవి వేటగాడిగా వస్తాడు. ఇద్దరి బాణాలూ ఒకేసారి పందికి తగులుతాయి. పంది ఎవరిదని తగవు మొదలవుతుంది. చివరికి అర్జునుడు ఓడిపోయి, వచ్చినవాడు శివుడని తెలుసుకొని, పాశుపతం పుచ్చుకుంటాడు.

వ్యాసభారతంలో ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. బాణం వేయకముందే కిరాతుడు అర్జునుణ్ణి ఆపుతాడు. దీనికి ముందు గురిపెట్టింది నేను, ఆగు అంటాడు. అర్జునుడు ఆ మాట లెక్కచేయకుండా వేస్తాడు. వేసిన తర్వాత, నువ్వు చేసింది వేటధర్మం కాదు అని కిరాతుణ్ణే తప్పుపడతాడు. ఆపిన మాట వినిపించుకోనివాడు, ఆ అడవిలో పుట్టిపెరిగినవాడిలా నిలబడ్డ మనిషికి వేటధర్మం నేర్పుతున్నాడు. కథ అర్జునుణ్ణి ఓడించింది కాబట్టి ఈ తప్పును ఊరికే వదల్లేదు. బడిలో మాత్రం దీన్ని వీరుడికి వచ్చిన పరీక్షగానే చెబుతున్నాం. గిరిజన పాఠకుడు ఇక్కడ ఆగి అడగాలి: వేటధర్మం గురించి మాట్లాడే హక్కు ఎవరిది?

ఆ ప్రశ్న పురాణంతో పోలేదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవిలో వేట సర్కారు అనుమతి కిందికి పోయింది. అదే కాలంలో తెల్లదొరలు గుర్రమెక్కి బల్లెంతో పందిని పొడవడాన్ని గొప్ప ఆటగా పెట్టుకున్నారు. స్కౌటు ఉద్యమం పెట్టిన బేడెన్ పావెల్ 1883లో ఆ ఆటలో కాదిర్ కప్ గెలిచాడు, 1889లో పందివేట మీద ఒక పుస్తకమే అచ్చువేశాడు. తర్వాత 1911 నాటి చట్టం కింద ఎరుకలవాళ్ళ మీద నేరజాతి ముద్ర పడింది. ఒకరి చేతిలో బల్లెం పౌరుషం, ఇంకొకరి చేతిలో అదే బల్లెం నేరం. ఆయుధం మారలేదు, పట్టుకున్న చెయ్యి మారింది.

అయితే కిరాతుడి కథను ఈ అన్యాయం దగ్గరే ఆపేస్తే సగమే చదివినట్టు. ఆ తగవును ఇంకోసారి చూడండి. ఇద్దరూ దేని కోసం పోట్లాడుకున్నారు? పందిని చంపింది నా బాణమే అని. అలా పోట్లాడుకోవాలంటే ఆ బాణానికి ఒక యజమాని ఉండాలి. వేసినవాడు అక్కడే నిలబడి ఉండాలి. తాను వేసినదానికి తానే జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. కథ మొత్తానికి నాకు విలువైనదిగా కనిపించేది ఇదే. ఇద్దరూ ఆ చావు నాది అన్నారు. ఎవరూ నాది కాదు అనలేదు.

పాశుపతం ఇచ్చేటప్పుడు చెప్పిన మాట కూడా అలాంటిదే. దీన్ని తొందరపడి మనిషి మీద వేయకు, తక్కువ బలం ఉన్నవాడి మీద పడితే ఇది లోకాన్నే కాల్చేస్తుంది అని వ్యాసభారతంలో శివుడు హెచ్చరిస్తాడు. ఆయుధం ఎంత పెద్దదో చెప్పి ఊరుకోలేదు. దాన్ని ఎక్కడ వాడకూడదో చెప్పి మరీ చేతికిచ్చాడు. తగిన ఆయుధం అంటే బలమైనది అని కాదు, ఎవరి మీద పడుతుందో వేసేవాడికి తెలిసినది అని. ఈ కథ నుంచి మనం తీసుకోవాల్సిన కొలబద్ద ఇదే.

మన సీమలోనే, లేపాక్షి వీరభద్రస్వామి గుడి కప్పు మీద, 16వ శతాబ్దపు విజయనగర చిత్రకారులు ఈ కథను రంగుల్లో వేశారు. పిల్లల్ని అక్కడికి తీసుకుపోయే టీచర్లు వేలాడే స్తంభం చూపించి తిరిగొస్తుంటారు. ఒకసారి తల పైకెత్తి ఆ పందిని చూపించండి. చిత్రకారుడు పందిని ఏదో ఒక గురిగా వేయలేదు. మీదికి దూసుకొచ్చే బలమైన ప్రాణిగా వేశాడు. పందికి ఆ గౌరవం ఇచ్చాడు కాబట్టే విల్లు పట్టినవాడి ధైర్యానికి కూడా అర్థం వచ్చింది.

తిన్నడి కథకు వద్దాం. అతడిది పొత్తపినాడు, అంటే ఇప్పటి రాజంపేట వైపు. మనకు చుట్టుపక్కల ఊళ్ళే. తమిళంలో శేక్కిళార్ పెరియ పురాణంలోనూ, తెలుగులో ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలోనూ ఇతడి కథ ఉంది. పెరియ పురాణంలో వలలు కట్టి, కుక్కల్ని వదిలి గుంపుగా వేటాడతారు. ఒక పంది వలలు తెంచుకొని పారిపోతుంది. తిన్నడు ఇద్దరు తోడుగాళ్ళతో దాని వెంట పడి, అది అలసి చెట్టు కింద నిలబడ్డాక దగ్గరికి పోయి కత్తితో నరుకుతాడు. చేతిలో విల్లుండి కూడా చివరికి కత్తి తీశాడు.

దీన్ని కొందరు అడవివాడి మొరటుతనం అంటారు. ఆ మాట తప్పు. దాదాపు 2400 ఏళ్ళ కిందట గ్రీకు రచయిత జెనొఫొన్ పందివేట గురించి రాస్తూ కుక్కలు, వలలు, బల్లెం కావాలని చెప్పాడు. ఆ బల్లేనికి అలుగు కింద రెండు పక్కలా కొమ్ముల్లాంటి అడ్డాలుంటాయి. ఎందుకంటే పొడిచినా పంది ఆగదు. కర్ర పొడవునా ముందుకు తోసుకొచ్చి మనిషిని చీలుస్తుంది. అంత దూరంలో ఉన్న గ్రీసులోనూ పొత్తపినాటి కథలోనూ వేటగాళ్ళు ఒకే పనిముట్ల దగ్గరికి చేరారంటే, అది మొరటుతనం కాదు, పంది నేర్పిన చదువు.

పంది శరీరం తెలిస్తే ఈ ఎంపిక అర్థమవుతుంది. దాని చూపు మందం, వాసన మాత్రం చాలా పదును. ముదురు మగపందికి భుజాల మీద మందమైన గట్టి పొర ఉంటుంది. సన్న రవ్వలు దాన్ని దాటి లోపలికి పోవడం కష్టం. నాటుతుపాకీ రవ్వలు తగిలిన పంది చాలాసార్లు అక్కడే పడదు. పొదలోకి పోయి రోజుల తరబడి కుళ్ళి చస్తుంది, లేదంటే మర్నాడు కట్టెలకొచ్చిన ఆడమనిషి మీద తిరగబడుతుంది. పైగా లైసెన్సు లేని ఆ తుపాకీ ఇంట్లో దొరికితే కేసు వేరే. దూరం నుంచి కొట్టేది మంచి ఆయుధం అనుకోవడం ఇక్కడే తేలిపోతుంది. దూరం పెరిగేకొద్దీ కొట్టినవాడి బాధ్యత తగ్గుతుంది, పంది బాధ పెరుగుతుంది.

ఇప్పుడు మన చేల దగ్గరికి రండి. ఈనాడు పంది మీద వాడుతున్నవి ముఖ్యంగా మూడు. మొదటిది కరెంటు తీగ. మోటారు కనెక్షన్ నుంచో, లైను మీద కొక్కెం వేసో చేను చుట్టూ లాగుతారు. రెండోది నాటుబాంబు. తిండిలో పేలుడు మందు చుట్టి పంది దారిలో పెడతారు. మూడోది బ్రేకు వైరుతో వేసే ఉచ్చు. మూడింటిలోనూ ఒక పోలిక ఉంది. పెట్టినవాడు అక్కడ ఉండడు. వచ్చేది పందో, ఆవో, కుక్కో, నీళ్ళు కట్టడానికి పోయిన రైతో తీగకు తెలియదు. 2020 మేలో కేరళ పాలక్కాడు వైపు కడుపుతో ఉన్న ఏనుగు ఒకటి పేలుడు మందు పెట్టిన కాయ కొరికి, నోరు చితికి, నదిలో నిలబడి చచ్చిపోయింది. ఆ మందు పెట్టింది పందుల కోసమే. తీగలకు తగిలి మనుషులు పోయిన వార్తలు మన పేపర్లలో ఏటా చదువుతూనే ఉన్నాం. అలా జరిగిన చోట మొదట వినిపించే మాట, ఆ తీగ నాది కాదు.

కిరాతుడూ అర్జునుడూ నా బాణమే అని పోట్లాడుకున్నారు. మనం నా తీగ కాదు అని పారిపోతున్నాం. వేట ఎంత దిగజారిందో చెప్పడానికి ఇంతకన్నా విమర్శ అక్కర్లేదు.

రైతు బాధ అబద్ధమని నేను అనడం లేదు. ఒక్క రాత్రిలో పందుల మంద చెనక్కాయ చేనంతా ముట్టెతో తవ్విపోతే ఆ కుటుంబానికి ఏడాది కష్టం పోతుంది. చట్టంలో దారి ఉంది, కానీ ఇరుకైనది. 1972 వన్యప్రాణి చట్టం కింద అడవిపందిని చంపడం నేరం. పంటకు ముప్పైనప్పుడు 11వ సెక్షను కింద ముఖ్య వన్యప్రాణి వార్డెను రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. కేరళ 2022లో ఆ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల దాకా తెచ్చింది, అయితే విషం, పేలుడు మందు, కరెంటు వాడకూడదని తేల్చి చెప్పింది. చూడండి, ఆ ఉత్తర్వు కూడా మన పాతకథ చెప్పిన చోటికే వచ్చింది. కాల్చేవాడెవడో తెలియాలి, దేన్ని కాలుస్తున్నాడో అతడికి కనిపించాలి.

మరి మనవాళ్ళు ఎక్కడున్నారు? ఉచ్చు వేయడానికి, కళేబరం మోయడానికి కూలికి పిలిచేది యానాది, ఎరుకల కుర్రవాళ్ళనే. మాంసం పెద్దింటికి పోతుంది, కేసు మన ఇంటికి వస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కుల్ని ఒప్పుకుంటూనే వేటను మాత్రం పేరుపెట్టి తీసేసింది. ఆ గీత సబబా కాదా అని మనం వాదించవచ్చు, వాదించాలి కూడా. కానీ బ్రేకు వైరు చేతిలో పట్టుకొని, ఇది మా తాతల సంప్రదాయం అని వాదించలేం. తాతల వేటకు ఋతువుంది, గుంపుంది, ఊరంతా చూసే కళ్ళున్నాయి. విశాఖ మన్యంలో ఇటుకల పండగప్పుడు మగవాళ్ళు వేటకు పోతే, వట్టి చేతులతో వచ్చినవాళ్ళను ఆడవాళ్ళు ఎగతాళి చేసే ఆచారం ఉంది. ఎవరు పోయారో, ఏం తెచ్చారో అందరికీ తెలిసే వేట అది. చీకట్లో పెట్టి పొద్దున్నే మాయమయ్యేది వేట కాదు.

మన యువ రచయితలకు ఒక మాట. వేట మీద కథ రాసేటప్పుడు రెండు తేలిక దారులు కనిపిస్తాయి. ఒకటి, విల్లమ్ములు పట్టిన తాతను వీరుణ్ణి చేసి పొగడడం. రెండోది, వేట మాటెత్తితే సిగ్గుపడి దాచేయడం. రెండూ వద్దు. కథలో ఆయుధం ఏదో పేరుపెట్టి రాయండి. ఆ వైరు ఎక్కడ కొన్నారు, ఎవరు కట్టమన్నారు, ఎవరి చేలో కట్టారు, ఆ రాత్రి తర్వాత ఎవరు నాది అన్నారు, ఎవరు కాదన్నారు, అదంతా రాయండి. కథ అక్కడుంది.

టీచర్లకు కూడా ఒక పని చెబుతాను. కిరాతార్జున కథ చెప్పే రోజు, పంది ఎవరిది అని తరగతిని రెండు జట్లు చేసి వాదించనివ్వండి. కిరాతుడి జట్టుకు ముందు గురిపెట్టింది తనే అన్న సంగతి గుర్తుచేయండి. వాదన ముగిశాక, మన ఊరి చేలో పెట్టిన తీగ ఎవరిది అని అడగండి. మొదట తరగతి నిశ్శబ్దంగా ఉండవచ్చు. తర్వాత ఒకరిద్దరు మాట్లాడతారు. వాళ్ళను మాట్లాడనివ్వండి.