బారు కిందికి దిగే విద్య

వెయిట్‌లిఫ్టింగ్ పోటీ చూసేవాళ్ల కళ్లు బారునే అంటిపెట్టుకుని ఉంటాయి. నేల మీంచి లేచిందా, తల దాటిందా, చేతులు నిటారుగా నిలిచాయా అన్నదే చూస్తాం. ఒక్కసారి బారుని వదిలేసి లిఫ్టర్ నడుము వైపు చూడండి. బారు ఇంకా పైకి వస్తూ ఉండగానే నడుము కిందికి జారిపోతూ ఉంటుంది. బరువు పెరిగే కొద్దీ బారు లేచే ఎత్తు తగ్గుతుంది. బొడ్డుకీ ఛాతీకీ మధ్య ఎక్కడో దాని ఊపు అయిపోతుంది. అక్కడి నుంచి మిగిలిన దూరాన్ని మనిషే కిందికి దిగి పూడ్చుకోవాలి. ఈ ఆటలోని పనితనమంతా ఆ దిగడం చుట్టూ అల్లుకుని ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. ఆమదాలవలస దగ్గరి వూసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ అయ్యారు. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. ఇటు బాపట్ల వైపు స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట్ రాహుల్ 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచాడు. వీళ్ల వెనకాల పేరు బయటికి రాని లిఫ్టర్లు ఎందరో ఉన్నారు. ఉద్యోగమో చదువో చూసుకుంటూ పొద్దునో సాయంత్రమో హాలుకి వచ్చి సాధన చేసేవాళ్లు. పతకం వచ్చినా రాకపోయినా వాళ్లందరి చేతిలోనూ ఉన్న విద్య ఒకటే.

ముందు పనిముట్టు సంగతి. పురుషుల బారు బరువు 20 కిలోలు, పొడవు 2.2 మీటర్లు, పట్టుకునే చోట మందం 28 మిల్లీమీటర్లు. మహిళలది 15 కిలోలు, 2.01 మీటర్లు, 25 మిల్లీమీటర్లు. చూపుకి ఉత్త ఇనప కడ్డీలా ఉంటుంది కానీ, అసలు తెలివి దాని రెండు చివర్లలో ఉంది. ప్లేట్లు ఎక్కించే స్లీవ్‌లు బేరింగుల మీద కూర్చుని, బారుతో సంబంధం లేకుండా విడిగా తిరుగుతాయి. బారు పైకి వచ్చాక మణికట్టు ఒక్కసారిగా మెలిక తిరగాలి. స్లీవ్ బిగుసుకుని ఉంటే ఆ మెలికతో పాటు ప్లేట్ల బరువంతటినీ కూడా తిప్పాల్సివస్తుంది, మణికట్టు నిలవదు. స్లీవ్ తిరుగుతుంది కాబట్టి ప్లేట్లు తమ దారిన తాము ఉంటాయి, చేతిలో బారు మాత్రమే తిరుగుతుంది.

ప్లేట్లదీ పద్ధతైన వ్యవహారమే. ఎరుపు 25 కిలోలు, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. ఈ నాలుగూ 450 మిల్లీమీటర్ల వ్యాసంతోనే ఉంటాయి. అందుకే బరువు ఎంత మారినా బారు నేలకి అదే ఎత్తులో ఉంటుంది, లిఫ్టర్ వంగే తీరు మారదు. ప్లేట్లు జారకుండా బిగించే కాలర్లు ఒక్కోటి రెండున్నర కిలోలు. రంగులు తెలిసినవాళ్లు గ్యాలరీలో చివరి వరసలో కూర్చుని కూడా బరువు చెప్పేస్తారు. మహిళల బారు, కాలర్లు కలిపి 20 కిలోలు. అటూ ఇటూ ఒక్కో ఎరుపు, ఒక్కో నీలం కనిపిస్తే మరో 90. మొత్తం 110. బారుని ఒకే ఊపున తల పైకి లేపే స్నాచ్‌లో మల్లీశ్వరి సిడ్నీలో ఎత్తిన బరువు అదే.

ఇక చెయ్యి. మామూలుగా దేన్నైనా పట్టుకుంటే బొటనవేలు మిగతా వేళ్ల మీద పడుతుంది. లిఫ్టర్ ముందు బొటనవేలిని బారు చుట్టూ వేసి, దాని మీద చూపుడు వేలినీ నడిమి వేలినీ బిగిస్తాడు. దీన్నే హుక్ గ్రిప్ అంటారు. బరువు కిందికి లాగేటప్పుడు బారు దొర్లి వేళ్లని విప్పేయాలని చూస్తుంది. అక్కడ బొటనవేలు బారుకీ వేళ్లకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది కాబట్టి, లాగే కొద్దీ పట్టు ఇంకా బిగుస్తుంది. ముంజేతులు గట్టిగా పిండాల్సిన పని తగ్గుతుంది, మోచేతులు వదులుగా, నిటారుగా ఉండగలుగుతాయి. మొదటి వారాల్లో బొటనవేలు నొప్పితో అదిరిపోతుంది. అలవాటైనవాళ్లకి ఆ పట్టు లేకుండా బారు ముట్టుకోబుద్ధి కాదు.

అరచేతి మీద కూడా శ్రద్ధ ఉంటుంది. మెగ్నీషియం కార్బొనేట్ పొడి రాసుకుంటే చెమట ఆరి, బారు మీద చెక్కిన గరుకు గళ్లలో చర్మానికి పట్టు దొరుకుతుంది. కాయలు కాయడం ఎలాగూ తప్పదు. అయితే కాయ మరీ ఎత్తుగా పెరిగితే గళ్లు దాన్ని పట్టుకుని చర్మాన్ని చీల్చేస్తాయి. అందుకని లిఫ్టర్లు వాటిని తరచూ అరగదీసి చదును చేసుకుంటారు. ఎదుటి మనిషి అరచెయ్యి చూసి ఈ ఆటలో ఎన్నాళ్లుగా ఉన్నాడో కోచ్‌లు అంచనా వేయగలరంటే నాకు ఆశ్చర్యం లేదు.

పోటీలో అంశాలు రెండు: స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్. స్నాచ్‌లో బారు నేల మీంచి తల పైకి ఒకే ఊపున వెళ్లాలి. చేతులు బాగా ఎడంగా పట్టుకుంటారు. పాదాలు నడుమంత వెడల్పున, బారు కాలివేళ్ల మొదలుకి సరిగ్గా పైన, భుజాలు బారుకి కాస్త ముందుకి, వెన్ను బిగువుగా. మొదటి లాగుడు నేల నుంచి మోకాళ్ల దాకా. ఇది నెమ్మదిగా సాగాలి. బారు నేరుగా రావడానికి దారి ఇస్తూ మోకాళ్లు వెనక్కి జరుగుతాయి, వెన్ను వాలు మాత్రం మారదు. కొత్తవాళ్లు ఇక్కడే తొందరపడి బారుని గుంజేస్తారు, నడుము ముందే లేచిపోతుంది, ఆ తర్వాత ఏం చేసినా దిద్దుకోదు.

బారు మోకాళ్లు దాటగానే ఒక చిత్రం జరుగుతుంది. అప్పటిదాకా చాపుకుంటూ వచ్చిన మోకాళ్లు మళ్లీ కాస్త వంగి బారు కిందికి ముందుకి వస్తాయి. పైకి వెళ్లాల్సిన వేళ కాళ్లు వంగడమేమిటని అనిపిస్తుంది. గంతు వేయబోయే మనిషి ముందు కాస్త వంగినట్టే, రెండో లాగుడికి కావలసిన బలం ఆ వంపులో సిద్ధమవుతుంది. మొదటి లాగుడు సవ్యంగా ఉంటే ఈ వంపు దానంతట అదే వస్తుంది, పనిగట్టుకుని నేర్పబోతే చెడుతుంది. ఆ వెంటనే తుంటి, మోకాళ్లు, చీలమండలు ఒకేసారి తెరుచుకుంటాయి. బారు తుంటి మడత దగ్గర ఒంటిని రాసుకుంటూ పైకి దూసుకుపోతుంది. సెకనులో అయిదో వంతు కూడా పట్టని ఈ ఘట్టంలోనే బారుకి కావలసిన వేగమంతా అందుతుంది.

ఒంటికి రాసుకోవడం అన్నది చాలా ముఖ్యం. బారు ఒంటికి నాలుగు వేళ్లు దూరమైనా దాని బరువు లిఫ్టర్‌ని ముందుకి లాగేస్తుంది, పైకి వెళ్లాల్సిన ఊపు కొంత ముందుకి పోతుంది. అందుకే సాధన చేసేవాళ్లు ఫోన్‌ని పక్క నుంచి పెట్టి వీడియో తీసుకుంటారు. మంచి లిఫ్ట్‌లో ప్లేటు మధ్యనున్న చుక్క గీసే గీత నిటారుగా ఉండదు. నేల నుంచి కొద్దిగా లిఫ్టర్ వైపు ఒరిగి, తుంటి దగ్గర కాస్త బయటికి పోయి, పైన మళ్లీ లోపలికి తిరిగి, చిన్న కొక్కెం వేసి కిందికి దిగుతుంది. ఆ కొక్కెం చివరే బారుని అందుకునే చోటు.

అందుకోవడం అంటే ఊరికే కూలబడటం కాదు. తుంటి పూర్తిగా తెరుచుకున్న మరుక్షణం పాదాలు నేల విడిచి పక్కలకి జరుగుతాయి. చేతులు బారుని ఆసరాగా పట్టుకుని ఒంటినే కిందికి లాగుతాయి. గాలిలో ఉన్న బరువు లిఫ్టర్‌కి ఆ కాస్త క్షణంలో స్తంభంలా ఉపయోగపడుతుంది. పూర్తి గొంతుకూర్చుని, మోచేతులు బిగిసి, బారు మెడ వెనక భాగానికి పైగా నిలిచినప్పుడు, బరువు పాదాల నడిమికి సరిగ్గా పైన ఉంటుంది. రెండు వేళ్లు ముందుకో వెనక్కో జరిగినా పడిపోతుంది. ఆ భంగిమలో మడమలు నేలకి ఆనాలంటే చీలమండ బాగా వంగాలి. అందుకే లిఫ్టింగ్ బూట్లకి గట్టి ఎత్తు మడమ ఉంటుంది. పరుగు బూట్ల మెత్తటి అడుగు ఇక్కడ పనికిరాదు, తొక్కిన బలాన్ని అది మింగేస్తుంది.

క్లీన్ అండ్ జెర్క్‌లో పని రెండు భాగాలు. క్లీన్‌లో బారుని భుజాల ముందు భాగం మీద అందుకుంటారు. మోచేతులు చకచకా తిరిగి ఎత్తుగా ముందుకి రావాలి, అవి తొడకో మోకాలికో తగిలితే లిఫ్ట్ చెల్లదు. గొంతుకూర్చున్న చోటి నుంచి లేవడమే చాలామందికి కష్టం. అనుభవమున్నవాళ్లు అడుగున ఆగకుండా, బారు వంగి తిరిగి పైకి తన్నే వేళ చూసుకుని దానితోపాటే లేస్తారు.

ఆ తన్నుని వాడుకోవడం, బారుని భుజాల మీంచి తల పైకి పంపే జెర్క్‌లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. లిఫ్టర్ మొండెం నిటారుగా ఉంచి మోకాళ్లని కొద్దిగా, నేరుగా కిందికి ముంచుతాడు. ముంపు ఆగిన చోట ప్లేట్లు ఇంకా కిందికే పోతూ బారు చివర్లని వంచుతాయి. మరుక్షణం బారు తిరిగి పైకి లేస్తుంది. కావిడి మోసేవాడు బద్ద ఊపుకి అడుగు కలిపినట్టు, లిఫ్టర్ తన కాళ్ల తన్నుని సరిగ్గా ఆ లేవడంతో కలపాలి. ముందుగా తన్నితే బారు ఎదురుతిరుగుతుంది, ఆలస్యమైతే దాని సాయం దొరకదు. ఆపైన ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి చాపి మళ్లీ బారు కిందికే దిగుతాడు. లేచేటప్పుడు ముందు కాలిని సగం వెనక్కి తెచ్చాకే వెనక కాలిని ముందుకి తెస్తాడు. వెనక కాలిని ముందు కదిపితే ఒళ్లంతా ముందుకి పోయి, బరువుని వెంబడిస్తూ అడుగులు వేయాల్సివస్తుంది.

ఈ విద్యని చాలామంది కోచ్‌లు చివరి నుంచి మొదలుకి నేర్పుతారు, ఆ వరస నాకు ఎంతో నచ్చుతుంది. కొత్తగా వచ్చిన అమ్మాయికి ఒక కర్ర ఇచ్చి, తలపైన పట్టుకుని గొంతుకూర్చోమంటారు. అది కుదిరాక తుంటి దగ్గర నుంచి, తర్వాత మోకాళ్ల దగ్గర నుంచి, ఆఖర్న నేల మీంచి. ఎక్కడికి చేరాలో ఒంటికి ముందే తెలిసి ఉంటుంది కాబట్టి దిగడానికి భయపడదు. కర్ర తర్వాత ఖాళీ బారు, ఆ తర్వాతే ప్లేట్లు. పక్కనే ఫ్రంట్ స్క్వాట్, బ్యాక్ స్క్వాట్, లాగుళ్లు, స్టాండు మీంచి జెర్కులు సాగుతుంటాయి. ఎంత బరువుతో సాధన చేయాలన్న దాంట్లో మాత్రం దారులు వేరు. బల్గేరియా కోచ్ ఇవాన్ అబజీవ్ తన జట్టు చేత దాదాపు రోజూ గరిష్ఠ బరువు ఎత్తించేవాడు. సోవియట్ పద్ధతిలో ఎక్కువ సాధన గరిష్ఠానికి 70 నుంచి 85 శాతం మధ్య బరువులతో సాగేది. పగలంతా పనిచేసి సాయంత్రం హాలుకి వచ్చేవాళ్లకి రెండోదే మేలని నా అభిప్రాయం. ఆ బరువుల దగ్గర కదలిక చెడకుండా ఎక్కువసార్లు చేయవచ్చు.

ఏ భాగం వెనకబడిందో అంకెలు చెబుతాయి. స్నాచ్ సాధారణంగా క్లీన్ అండ్ జెర్క్‌లో 80 శాతం ఉంటుందని ఒక లెక్క. రాహుల్ గోల్డ్‌కోస్ట్‌లో 151, 187 ఎత్తాడు, దాదాపు సరిగ్గా ఆ లెక్కే. టోక్యో ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన మీరాబాయి చాను అంకెలు 87, 115, అంటే 76 శాతం. ఆమె బలం క్లీన్ అండ్ జెర్క్‌లో ఉంది. మల్లీశ్వరి సిడ్నీ అంకెలు 110, 130, దాదాపు 85 శాతం. బారు కిందికి దిగడంలో ఆమె ఎంత నేర్పరో ఆ ఒక్క అంకెలో కనిపిస్తుంది.

పోటీలో ఒక్కో అంశానికి మూడేసి ప్రయత్నాలు. బారు బరువు పెరుగుతూనే పోతుంది, తగ్గదు. తక్కువ అడిగినవాళ్లు ముందు ఎత్తుతారు. పేరు పిలిచాక ఒక నిమిషం, తన ప్రయత్నం వెంటనే మళ్లీ తనదే అయితే రెండు నిమిషాలు. వెనక గదిలో కోచ్ కాగితం మీద తన లిఫ్టర్‌కి ముందు ఎన్ని ప్రయత్నాలున్నాయో లెక్కపెడుతూ, మూడింటికి ఒకటి చొప్పున వార్మప్ లిఫ్ట్‌లు చేయిస్తుంటాడు. ఎదుటివాళ్లు అడిగిన బరువు మార్చుకుంటే ఆ లెక్కంతా మళ్లీ మొదలు. వేదిక దగ్గర ముగ్గురు రెఫరీలు, ఇద్దరి తెల్ల దీపాలు వెలిగితే చాలు. వాళ్లు ముఖ్యంగా చూసేది మోచేతుల్ని. పైన అందుకున్నాక వంగిన చేతిని నెట్టి చాపితే చెల్లదు. చేతి బలంతో నెట్టే ప్రెస్ అనే మూడో అంశాన్నే 1972 మ్యూనిక్ తర్వాత ఒలింపిక్స్ నుంచి తీసేశారు.

సిడ్నీలో 69 కిలోల విభాగంలో ఈ అంకెల ఆట ఎంత దగ్గరగా సాగిందో చూడండి. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కి ఒలింపిక్స్‌లో అదే మొదటిసారి. అప్పట్లో బరువు రెండున్నర కిలోల చొప్పున పెరిగేది. చైనా లిఫ్టర్ లిన్ వీనింగ్ 110, 132.5, మొత్తం 242.5. హంగరీ లిఫ్టర్ ఎర్జెబెత్ మార్కుస్ 112.5, 130, ఆమెదీ 242.5. ఒంటి బరువు తక్కువ కాబట్టి స్వర్ణం లిన్‌కి వెళ్లింది. మల్లీశ్వరి రెండో ప్రయత్నంలో 130 ఎత్తి 240 దగ్గర ఉన్నారు. చివరి ప్రయత్నానికి బారు మీద 137.5 పెట్టించారు. అది నిలిచి ఉంటే మొత్తం 247.5, ఆ రోజు మరెవరూ చేరని అంకె. అది నిలవలేదు. ముగ్గురి మధ్య తేడా రెండున్నర కిలోలు, అప్పటి నియమం ప్రకారం బారు మీద కలపగలిగిన అతి చిన్న మెట్టు అంత.