జపానువారి తామరకూర్పు

ఇకెబనా యను జపాను పుష్పకళను మెచ్చువారు తఱచు తేనీటి గురువగు సెన్ నో రిక్యూ (1522–1591) కథ నెత్తుకొందురు. ప్రభువగు హిదెయోషి వేసవితోటలోని అసగావో తీగపూలను జూడ రాఁగా, ఆయన పూలన్నిటిని ముందే కోయించి, గదిలో నొక్కదానినే నిలిపెనఁట! ఏకాగ్రతకిది దృష్టాంతమే, తోటను బోడిచేసి తెచ్చిన యందమును మాత్రము నేను మెచ్చఁజాలను.

ఇకెనోబో సంప్రదాయమువారి తామరకూర్పు నాకింతకంటె మిన్న. అందు వాడినయాకును తామరదుద్దును గతమునకు, విచ్చినపువ్వు వర్తమానమునకు, మొగ్గయు చుట్టవిప్పని లేఁతాకును భవిష్యత్తునకు గుర్తులు. పువ్వుతల త్రుంచి మాల గట్టు మనకు వాడినయాకునకు పీఁట వేయుట వింతగాఁ దోఁచును. కాని కొలనులో నీ మూఁడవస్థలు నొక్కమాఱే యుండుట మన మెఱుఁగనిదా? కోసిన తామర త్వరగా వాడును గనుక, చిమ్మనగ్రోవితో కాడరంధ్రములలోనికి నీరెక్కించి మఱి నిలుపుదురు.