జో కోపం ఏమైంది?

ఆడపిల్ల పెద్దదవడం గురించి నవల అనగానే మనలో చాలామందికి ఒక అలవాటుంది. మొదటి పేజీలో పిల్ల పేరు చూస్తాం, చివరి పేజీ తిప్పి ఎవర్ని చేసుకుందో చూస్తాం. మధ్యనున్న కథంతా రచయిత్రి పాపం అందుకోసమే రాసిందన్నట్టు!

ఇది మన ఒక్కళ్ళ అలవాటే కాదు లెండి. అమెరికాలో లూయిసా మే ఆల్కాట్ రాసిన ‘లిటిల్ విమెన్’ మొదటి భాగం 1868లో వెలువడగానే ఆడపిల్లలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారట, పెళ్ళిళ్ళ సంగతేమిటని. జోని పక్కింటి లారీకే ఇచ్చి చెయ్యాలని వాళ్ళ పట్టు. ఆవిడ వినలేదు. 1869లో వచ్చిన రెండో భాగంలో నలభైకి దగ్గరపడ్డ జర్మన్ ప్రొఫెసర్ని తెచ్చి జోకి ముడిపెట్టింది. ఆ పెళ్ళి బాగుందా లేదా అన్న తగువు ఇప్పటికీ తెగలేదు. నాకు మాత్రం వేరే ప్రశ్న ఉంది. జో కోపం ఏమైంది?

నలుగురు అక్కచెల్లెళ్ళలో జో రెండోది, పదిహేనేళ్ళ పిల్ల. తండ్రి అంతర్యుద్ధంలో ఉన్నాడు, ఇంట్లో డబ్బుకి కటకట. తండ్రికి జబ్బు చేసిందని కబురొస్తే, తల్లి ప్రయాణానికి పనికొస్తాయని తన జుట్టు 25 డాలర్లకి అమ్మేస్తుంది. అందరూ మెచ్చుకునే ఘట్టం అదే. నన్నడిగితే అంతకన్న గొప్పది ఇంకోటుంది.

నాటకానికి తీసుకెళ్ళలేదన్న ఉక్రోషంతో చిన్న చెల్లెలు ఎమీ, జో ఏళ్ళ తరబడి రాసుకున్న కథల పుస్తకాన్ని తగలబెట్టేస్తుంది. ఆ తర్వాత గడ్డకట్టిన ఏటి మీద ఆడుకునేటప్పుడు, నడిమధ్య మంచు పల్చగా ఉందని తెలిసీ జో చెల్లెల్ని హెచ్చరించదు. ఎమీ నీళ్ళలో పడి, ఎలాగో బయటపడుతుంది. ఆ రాత్రి కుమిలిపోతున్న జోతో తల్లి చెబుతుంది, తనకీ దాదాపు రోజూ కోపం వస్తుందనీ, పైకి కనపడనివ్వకుండా నేర్చుకున్నాననీ.

శాంతమూర్తి అనుకున్న అమ్మ ఆ పిల్లకి మొదటిసారి మనిషిలా కనిపించిన క్షణం అది. ఎదగడమంటే అదేకదా! కానీ ఆ తల్లికి రోజూ కోపం ఎందుకొస్తుందో జో అడగదు, పుస్తకమూ అడగదు. అణుచుకునే ఉపాయం మాత్రం చెప్పి ఊరుకుంటుంది.

అణగని కోపాన్ని జో కలంలోకి ఒంపింది. న్యూయార్కులో ఉండగా హత్యలూ రహస్యాలూ కలిపి పత్రికకి కథలు రాసి డబ్బు సంపాదిస్తుంది. అలాంటి రాతలు ప్రొఫెసర్‌గారికి గిట్టవు. అంతే, జో ఆ కాగితాలన్నీ పొయ్యిలో కుక్కేస్తుంది. మొదటిసారి చెల్లెలు తగలబెడితే ప్రాణాలు తియ్యాలన్నంత కోపం వచ్చిన పిల్ల, రెండోసారి తన చేత్తో తనే తగలబెట్టుకుంటుంది!

విచిత్రమేమిటంటే, అచ్చం అలాంటి కథలే ఆల్కాట్ ఎ.ఎం. బర్నార్డ్ అనే మారుపేరుతో రాసింది. ఆ సంగతి 1943లోగానీ బయటపడలేదు. పెళ్ళీ చేసుకోలేదు. తను వదులుకోనివాటిని జో చేత వదిలించింది.

అయినా మీ అమ్మాయికి ఈ పుస్తకం ఇవ్వండి. చదివాక ‘జో లారీని చేసుకుంటే బాగుండేదా?’ అని మాత్రం అడక్కండి. రెండోసారి కాగితాలు కాలినప్పుడు దానికెందుకు కోపం రాలేదో అడిగి, ఏమంటుందో వినండి. అది తిరిగి మిమ్మల్ని ‘నీకెప్పుడూ కోపం రాదా అమ్మా?’ అంటే, రాదని చెప్పకండేం.