కుట్లు విప్పాక మొదలయ్యే పని

మంచి సర్జన్ చేతిని అందరూ మెచ్చుకుంటారు. ఆ చేతి వెనక ఉండే విద్యార్థి బుద్ధిని ఇంకా ఎక్కువ మెచ్చుకోవాలి. అందుకు నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ థియోడర్ కోఖర్. 1872 నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో సర్జరీ బోధించిన ప్రొఫెసర్ ఆయన.

నేలలో అయోడిన్ తక్కువైన ఆ కొండ ప్రాంతాల్లో గొంతు కింద థైరాయిడ్ గ్రంథి గడ్డలా ఉబ్బే గాయిటర్ ఇంటింటి జబ్బు. ఆపరేషన్ అంటే రక్తం ధారకట్టేది, ప్రాణం పోయేది. కోఖర్ తొందరపడలేదు. శుభ్రత పాటించి, ఒక్కో రక్తనాళాన్నీ విడిగా పట్టి ముడివేసి, మరణాలను నూటికి ఒకటి కంటే తక్కువకు దించాడు.

అక్కడితో ఆగి ఉంటే నేర్పరి అనిపించుకునేవాడు. థైరాయిడ్ మొత్తం తీసేసిన రోగులు మందకొడిగా మారుతున్నారని జెనీవా సర్జన్ రెవెర్డిన్ గమనించాడని తెలిసి, తన పాత రోగులను వెనక్కి పిలిపించాడు. పరీక్షించిన 18 మందిలో 16 మంది క్షీణించారు. ముఖాలు ఉబ్బాయి, పిల్లల ఎదుగుదల ఆగింది. 1883లో ఆ సంగతిని సర్జన్ల మహాసభ ముందు దాచకుండా చెప్పాడు. ఆపై గ్రంథిలో కొంత భాగం మిగల్చడం నియమంగా పెట్టుకున్నాడు. థైరాయిడ్ శరీరానికి ఎంత అవసరమో లోకానికి తెలియడంలో ఆ లెక్కకు పెద్ద పాత్ర ఉంది.

1909లో నోబెల్ వచ్చింది. సర్జన్లలో ఆయనే మొదటివాడు. ఆయన పేరు పెట్టుకున్న ఫోర్‌సెప్స్ (పట్టుకారు) నేటికీ ఆపరేషన్ థియేటర్లలో ఉన్నాయి. ఆ పనిముట్టుతో పాటు, ఇంటికి పంపిన రోగిని మళ్లీ పిలిచి చూసే అలవాటును కూడా ప్రతి వైద్య విద్యార్థీ అందుకోవాలి.